తాళం తీసిన కుళాయి

రెంటపాడులో వాంతిభేదులు మొదలై పదకొండు రోజులైంది. పంతొమ్మిది మంది పోయారు. మొదటి వారంలో ఊరు గుమ్మాలకు వేపమండలు కట్టుకుంది. రెండో వారంలో కారణం ఎవరో తేల్చేసుకుంది. వాగు అవతలి పేటలో ఉండే క్రైస్తవులే ఈ రోగం తెచ్చారని బజారు వీధి నుంచి సత్రం వీధి దాకా అందరూ ఒక్క గొంతుతో అన్నారు. ఇంత పెద్ద సంగతి తేల్చడానికి వాళ్ళకు పరీక్షగానీ, సాక్ష్యంగానీ, ఒక్క పూట ఆలోచనగానీ అవసరం లేకపోయింది.

హెల్త్ ఇన్‌స్పెక్టరు జీవరత్నం మాత్రం పరీక్ష చేశాడు. నిన్న సాయంత్రం పంపింట్లో ఇంజను నడిపే అబ్దుల్ జబ్బార్ వెంట వడపోత తొట్టి మెట్లెక్కి లోపలికి తొంగిచూశాడు. వాగు నీళ్ళు ఆ తొట్టిలో మూడడుగుల మందాన పోసిన సన్న ఇసుకలోంచి దిగి, శుభ్రపడి, ఆ తర్వాతే కుళాయిలకు పోవాలి. తొట్టిలో అడుగున పరిచిన ఇటుకలు కనిపించాయి. ఇటుకల మీద ఎండిపోయిన తొండ ఒకటి కనిపించింది. ఇసుక లేదు.

“నాలుగు నెలలైంది సాబ్,” అన్నాడు జబ్బార్ తల దించుకుని. “ప్రెసిడెంటు గారి కొత్త మిద్దెకు గోడలు పూసేదానికి తోలుకుపోయారు. కడిగి జల్లెడ పట్టిన ఇసుక గదా, మళ్ళీ పోయిస్తాంలే అన్నారు. తొట్టిని తప్పించి పక్క గొట్టం తిప్పమన్నారు. తిప్పినా.”

జీవరత్నానికి కోపం రాలేదు. నవ్వొచ్చింది. పక్కనే వాగు, కనుచూపు మేర ఇసుక. దాన్ని కడిగించి జల్లెడ పట్టించే ఓపిక లేక, మూడు వేల మంది నోటి దగ్గరి ఇసుకను ఎత్తుకుపోయాడు పెద్దమనిషి. దొంగతనంలో కూడా సోమరితనమే. అలాంటివాణ్ణి ద్వేషించడం కూడా దండగనిపించింది జీవరత్నానికి. రాత్రి కూర్చుని గుంటూరులోని జిల్లా హెల్త్ ఆఫీసరుకు ఉత్తరం, పంచాయతీ బోర్డుకు నోటీసు రాసి పెట్టుకున్నాడు. తెల్లవారగానే పంచాయతీ బోర్డు బంట్రోతు వచ్చి, ప్రెసిడెంటు గారు రమ్మంటున్నారని చెప్పి పోయాడు.

బోర్డు ఆఫీసులో నాలుగు కుర్చీలున్నాయి. ఒకదాంట్లో ప్రెసిడెంటు మస్తాన్‌రావు, ఇంకోదాంట్లో గుమాస్తా ఆనందరావు కూర్చున్నారు. మిగిలిన రెండూ ఖాళీ.

“కూచోమందామంటే కుర్చీ లేదయ్యా ఇన్‌స్పెక్టరూ. ఏమనుకోబాక,” అన్నాడు మస్తాన్‌రావు.

“పర్వాలేదండీ. నిలబడితేనే అన్నీ బాగా కనపడతయి,” అన్నాడు జీవరత్నం.

అతనికి ఇది కొత్త కాదు. వెల్దుర్తి దగ్గర పల్లెలో పుట్టి, మిషను బళ్ళో చదువుకుని, మద్రాసులో శానిటరీ పరీక్ష ప్యాసై, ఖాకీ చొక్కాతో ఈ ఊరొచ్చిన నాడు అద్దెకు ఇల్లిచ్చే దిక్కు లేకపోయింది. బజారులో ఖాళీగా ఉన్న ఇళ్ళన్నిటికీ అతను అడిగిన వెంటనే ఎవరో ఒక చుట్టం వచ్చేవాడు. చివరికి పేటలో కరుణమ్మ తన వసారా ఇచ్చింది. రెండేళ్ళుగా అక్కడే ఉంటున్నాడు. ఆమెను అత్తా అంటాడు. ఆమె అల్లుడా అంటుంది.

ఆనందరావు గొంతు సవరించుకుని ఇంగ్లీషు కాగితం ఒకటి చదివాడు. పేటవాళ్ళు రోగుల బట్టలు వాగులో ఉతకడం వల్ల ఊరికి కలరా వచ్చిందనీ, పేటను ఖాళీ చేయించి గుట్ట అవతలికి పంపాలనీ, గుడిసెలు తగలబెట్టించాలనీ అందులో ఉంది. అడుగున హెల్త్ ఇన్‌స్పెక్టరు సంతకానికి చోటు వదిలారు.

“పెట్టు సంతకం. రేపే పైకి పోవాల,” అన్నాడు మస్తాన్‌రావు.

“పేటలో ఎంతమంది పోయారో ఇందులో రాయలేదండీ.”

“ఎంతమంది పోతే ఏంది? నువ్వు రాసుకో ఆనందరావూ. అయిదో, పదో.”

“ఒక్కరు కూడా పోలేదు.”

ఆనందరావు కలం ఆగింది. మస్తాన్‌రావు కనుబొమ లేపి చూశాడు.

జీవరత్నం జేబులోంచి కాగితం తీశాడు. “ఊళ్ళో కుళాయి ఉన్న వీధులు అయిదు. బజారు వీధి, సత్రం వీధి, మసీదు వీధి, పాత కోట వీధి, స్టేషను రోడ్డు. అయిదిట్లోనూ చావులున్నయి. ఇల్లిల్లూ తిరిగి రాసుకున్నా. పేటలో నూట నలభై మంది. ఒక్కరికి కడుపునొప్పి కూడా లేదు.”

“వాళ్ళ ఒళ్ళు వేరయ్యా. మురుక్కాలవ పక్కన పుట్టి పెరిగిన ఒళ్ళు. రోగం వాళ్ళనేం చేస్తది?”

“అట్టాగా! రోగం తెచ్చిందీ వాళ్ళే, రోగం అంటనిదీ వాళ్ళకే. రెండిట్లో ఏదో ఒకటి పట్టుకోండి. రెండూ ఒక కాగితం మీద రాస్తే గుంటూరులో నవ్వుతారు.”

మస్తాన్‌రావు మొహం కందింది. పొగాకు కాల్చే బారన్లు, రెండు మిద్దెలు, బోర్డులో పదేళ్ళ పెత్తనం ఉన్న మనిషి. తనను చూసి నవ్వడం అనే పని గురించి ఆయన ముందు ఇంతవరకు ఎవరూ మాట్లాడలేదు.

“వాగులో బట్టలు ఉతికింది నిజమే,” అన్నాడు జీవరత్నం. “పేటవాళ్ళు కాదు. తిరునాళ్ళ నుంచి తిరిగొచ్చిన బండ్లు రేవు కాడ రెండు రోజులు ఆగినయి. ఒక బండిలో మనిషి వాంతులై పోయాడు. వాళ్ళే ఉతికారు. రేవుకు దిగువన మీ పంపు బావి. పేటవాళ్ళు తాగేది రేవుకు ఎగువన, రోజూ కొత్తగా తవ్వుకునే చెలమ. ఇసుకలోంచి ఊరే నీళ్ళు. మూడడుగుల ఇసుక. సరిగ్గా మీ తొట్టిలో ఉండాల్సినంత.”

మస్తాన్‌రావు బల్ల మీది వెండి మరచెంబు మూత తిప్పాడు. మళ్ళీ బిగించాడు.

“తొట్టి సంగతి నీకెవరు చెప్పారు?”

“తొట్టే చెప్పింది. మూత తీస్తే ఎవరికైనా చెప్తది. ఆ చెంబులోవి ఏం నీళ్ళండీ?”

“ఏందీ?”

“మీ తోటబావి నీళ్ళు. రోజూ పొద్దున పీపాబండి మీ ఇంటికి వస్తది. ఊరంతా చూస్తనే ఉంది. నాలుగు నెలల కిందటి దాకా మీ ఇంట్లోనూ కుళాయి నీళ్ళే తాగారు. ఇసుక తోలిన మర్నాటి నుంచి బండి మొదలైంది. అంటే ఆ నీళ్ళు తాగేదానికి పనికిరావని మీకు తెలుసు. ఊళ్ళో ఇంకెవరికీ చెప్పలేదు. అంతే గదండీ?”

ఆనందరావు చేతిలోని కలాన్ని ఇంతకు ముందెప్పుడూ చూడనట్టు చూస్తూ కూర్చున్నాడు. అతని తమ్ముడి కూతురు, ఆరేళ్ళ పిల్ల, పోయిన ఆదివారం పోయింది. వాళ్ళది సత్రం వీధి. ఆ సంగతి ఆ గదిలో ముగ్గురికీ తెలుసు. అయినా ఆనందరావు నోరు మెదపలేదు. ఆ మౌనం చూసి జీవరత్నానికి ప్రెసిడెంటు మీద కన్నా గుమాస్తా మీద ఎక్కువ రోత పుట్టింది.

నోటీసు తీసి బల్ల మీద పెట్టాడు. “పబ్లిక్ హెల్త్ చట్టం కింద ఇస్తున్నా. అయిదు కుళాయిలూ కట్టెయ్యాల. తొట్టిలో ఇసుక పోయించి, బ్లీచింగు పొడి కలిపి, నీళ్ళు మంచివని మద్రాసు నుంచి పరీక్ష కాగితం వచ్చిందాకా తెరవకూడదు. కాగితంలో గడువు మూడు రోజులు. నేనయితే ఈ పూటే కట్టెయ్యమంటా.”

“నువ్వు నాకు నోటీసిస్తావు.” మస్తాన్‌రావు నెమ్మదిగా అన్నాడు. “మా నాన్న బతికున్నప్పుడు మీ వాళ్ళు మా వాకిట్లోకి చెప్పులు చేతబట్టుకుని వచ్చేవాళ్ళు.”

“ఇప్పుడు కాగితం చేతబట్టుకుని వస్తున్నాం. చెప్పుల కన్నా అదే బరువుగా ఉన్నట్టుంది మీకు.”

అక్కడితో ఆగి బయటికి వచ్చేస్తే సరిపోయేది. నోటీసు అందింది. చెప్పాల్సింది చెప్పాడు. కానీ ఎదుటివాడు ఓడిపోయాడని తెలిసినప్పుడు ఇంకొక్క మాట అనాలన్న కోరిక మనిషిని అంత తేలిగ్గా వదలదు. రెండేళ్ళుగా అందరి ముందూ నిలబడే మాట్లాడాల్సి వచ్చిన మనిషి అతను. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు.

“పేటలో ఇంతమంది బతికున్నారంటే మీ చలవేనండీ. మూడేళ్ళ కింద సర్కారు పేట మొగన కుళాయి పాతిస్తే, వాళ్ళు మన నీళ్ళు ముట్టుకోవడమేందని మీరు తాళం వేయించారు చూడండి. ఆ తాళమే వాళ్ళ ప్రాణం కాపాడింది. పదేళ్ళ పెత్తనంలో మీరు చేసిన మంచిపని అదొక్కటే. అదీ తెలియక చేశారు.”

ఆ మాట అన్నప్పుడు అతని నాలుక మీద తీపి లాంటిది కలిగింది. మస్తాన్‌రావు అరుస్తాడనుకున్నాడు. ఆయన అరవలేదు. కిటికీలోంచి వాగు వైపు చూశాడు.

“అయితే ఆ తాళం లేకపోతే పేటవాళ్ళకూ వచ్చుండేదంటావు.”

“వచ్చుండేది.”

“అట్టాగా,” అన్నాడు మస్తాన్‌రావు. నోటీసు లాక్కుని, అందినట్టు సంతకం పెట్టి, రెండో ప్రతి బల్ల మీదికి విసిరాడు. “పో. నీ చట్టం ప్రకారమే చేస్తాం.”

జీవరత్నం గెలిచాననుకుంటూ మెట్లు దిగాడు.

తిన్నగా పోస్టాఫీసుకు వెళ్ళి గుంటూరుకు ఉత్తరం వేశాడు. అది చాలదనిపించి టెలిగ్రాము కూడా ఇచ్చాడు. అక్కడినుంచి వీధి వీధీ తిరిగి, నీళ్ళు కాచి తాగమని చెప్పుకుంటూ పోయాడు. సత్రం వీధిలో పూటకూళ్ళు పెట్టే బసవమ్మ అరుగు మీద నిలబడి, “అక్కడే ఉండవయ్యా, మురుక్కాలవ దాటి రాబాక. అక్కడినుంచే చెప్పు,” అంది. లోపల ఆమె కోడలు నీరసించి పడుంది. ఇంకో గదిలో పూటకూళ్ళకు వంట అవుతోంది. అన్నం గిన్నెలు కడుగుతున్నది కుళాయి నీళ్ళతోనే.

“తల్లీ, ఆ నీళ్ళతో గిన్నెలు కూడా కడగబాకండి. ముందు కాచండి.”

“కట్టెలు యాడున్నయ్యా ఇంతమందికి కాచేదానికి? అయినా పేటవాళ్ళను పంపించేస్తే పోద్దంట గదా ఈ రోగం.”

“ఎవరన్నారు?”

“అందరూ అంటున్నారు.”

అందరూ అంటున్నది అందరూ నమ్ముతారు. కోడలు చావు బతుకుల్లో ఉన్నా సరే, కాలవ అవతల నిలబడి చెప్పేవాడి మాట ఇవతలికి రాదు. జీవరత్నం ఉప్పు, పంచదార కలిపిన కాచిన నీళ్ళు కోడలికి గుక్క గుక్కగా పట్టమని రెండుసార్లు చెప్పి ముందుకు నడిచాడు. ఈ ఊరిని ఈ ఊరి నుంచి కాపాడడమే తన ఉద్యోగమని అతనికి అప్పటికి పూర్తిగా అర్థమైంది.

పొద్దు వాలుతుండగా వాగు దాటే సరికి పేట వైపునుంచి డప్పు వినిపించింది.

పదకొండు రోజుల్లో ఈ చుట్టుపక్కల చావుడప్పు తప్ప వేరే డప్పు మోగలేదు. ఇది చావుడప్పు కాదు. జీవరత్నం అడుగు వేగం పెరిగింది. ఒడ్డెక్కేసరికి కనిపించింది.

పేట మొగన ఇనప కుళాయికి కాగితపు పూలదండ వేశారు. కుళాయి ధారగా కారుతోంది. చుట్టూ కడవలు, బిందెలు, ముంతలు. ఆడవాళ్ళు మెరిసే మొహాలతో వరసలో నిలబడ్డారు. అంత దూరాన, మైల పడనంత దూరాన, తన రెండెడ్ల బండి మీద కూర్చుని మస్తాన్‌రావు చూస్తున్నాడు. ఆనందరావు బండి పక్కన నిలబడి కాగితం మళ్ళీ ఒకసారి చదువుతున్నాడు. ప్రజలందరికీ సమానంగా మంచినీటి వసతి కల్పించాలని చట్టం చెబుతున్నందువల్ల, పంచాయతీ బోర్డు తన బాధ్యతగా, అంటూ.

కుళాయి పక్కన జబ్బార్ ఉన్నాడు. తాళంచెవి ఇంకా అతని చేతిలోనే ఉంది. జీవరత్నాన్ని చూడగానే ఎదురొచ్చాడు.

“నా చేత్తోనే తీయించారు సాబ్. తీయనంటే ఉద్యోగం తీసేస్తానన్నాడు. ఇంట్లో ఆరుగురు తినేవాళ్ళు.” తాళంచెవి చూపించాడు. “తీసినా.”

“ఎప్పుడు?”

“మధ్యాహ్నం. మీరు ఆఫీసు నుంచి పోయిన గంటకే.”

పొద్దున ఆ గదిలో కిటికీలోంచి ప్రెసిడెంటు ఏం చూశాడో జీవరత్నానికి ఇప్పుడు తెలిసింది. పేటలో ఒక్కరు కూడా పోలేదన్నదే జీవరత్నం చేతిలోని సాక్ష్యం. పేటలో నలుగురు పోతే ఆ సాక్ష్యం ఉండదు. ఆ తర్వాత గుంటూరు నుంచి ఎవరొచ్చినా, వాగు రెండు వైపులా పాడెలే చూస్తారు.

“ప్రెసిడెంటు గారూ! కట్టేయించండి,” అని అరిచాడు.

“గడువు మూడు రోజులన్నావు గదయ్యా,” అన్నాడు మస్తాన్‌రావు బండి మీదినుంచే. “ఇంకా రెండున్నర రోజులుంది. చట్టం చట్టమే.”

జీవరత్నం వరసలోకి దూరి కుళాయి తిప్పేశాడు. ధార ఆగింది. డప్పు ఇంకా మోగుతోంది. కడవ కింద పెట్టి నిలబడ్డ పేట మనిషి మణెమ్మ అతని చేతి మీద తన చెయ్యి వేసింది.

“ఏంది రత్నం, నీకేమన్నా పిచ్చా? కడవ సగం కూడా నిండలా.”

“ఈ నీళ్ళు తాగబాకండి. ఊళ్ళో జనం పోతున్నది ఈ నీళ్ళతోనే.”

“మూడేళ్ళు వాళ్ళు ముట్టొద్దన్నారు,” అంది మణెమ్మ. ఆమె గొంతులో ఇప్పటిదాకా ఉన్న సంతోషం అక్కడే ఎండిపోయింది. “ఇయ్యాల నువ్వు మొదలుపెట్టావా? చొక్కా ఖాకీది అయితే మాటలు కూడా వాళ్ళవే వస్తయ్యేమో.”

వెనకనుంచి ఎవరో నవ్వారు. అది మంచి నవ్వు కాదు.

వరసలోంచి కరుణమ్మ వచ్చింది. అరవై ఏళ్ళ మనిషి. ఉతికిన చీర కట్టుకుంది. చేతిలో ఇత్తడి చెంబు నిండా నీళ్ళున్నాయి. ఈ హడావిడి అంతా ఆమెకు సరిగ్గా అర్థం కానట్టుంది.

“అల్లుడా, నీకోసం ఉంచినా. అందరూ తాగారు, నేను తాగలా. నువ్వు తాగినాక తాగుదామని కూచున్నా.” చెంబు ముందుకు చాచింది. “నీ చలవే గదా ఇది. ప్రెసిడెంటు గారే చెప్పాడు, మీ ఇన్‌స్పెక్టరు మాట మీదనే తాళం తీయిస్తున్నా అని.”

“అందరూ తాగారా?”

“మన ప్రార్థన గుడి కాడ కూటం పెట్టి, బెల్లం కలిపి పోసినాం. చంటిబిడ్డలకు కూడా తలా చుక్క. మూడేళ్ళ నుంచి కళ్ళముందర ఉన్న నీళ్ళు గదా నాయనా.”

నూట నలభై మంది. మధ్యాహ్నం నుంచి.

బండి మీదినుంచి మస్తాన్‌రావు గొంతు వినిపించింది. “తాగవయ్యా ఇన్‌స్పెక్టరూ. వాళ్ళ చేతి నీళ్ళు మేం తాగమనే గదా నీ బాధ? నీకూ పనికి రావా?”

డప్పు కొట్టేవాళ్ళు కూడా ఇటు తిరిగారు. కరుణమ్మ చెయ్యి చాచే ఉంది. ఆమె అతని మొహంలోకి చూసింది. రెండేళ్ళు తన వసారాలో అన్నం తిన్న మనిషి మొహం అది. అందులో ఉన్నది భయమని ఆమెకు తెలిసింది.

“అయితే నిజమేనా?” అంది. గొంతు మారింది. “ఈ నీళ్ళు మంచివి కావా?”

“కావత్తా.”

“కాకపోతే ఆయన నీ పేరెందుకు చెప్పాడు? తాగితే తాగు. తాగకపోతే ఎందుకు తాగవో ఇక్కడ, మనవాళ్ళందరి ముందర చెప్పు. ఆ బండి మీద కూచున్నాయన కూడా వినేట్టు చెప్పు.”

జీవరత్నం చెంబు అందుకున్నాడు. పొద్దున బోర్డు ఆఫీసు గుమ్మంలో నిలబడి అన్న మాట మొత్తం అతనికి గుర్తొచ్చింది. ఆ మాట అనకుండా బయటికి వచ్చేసి ఉంటే ఈ కుళాయికి ఇప్పుడు తాళం ఉండేది. చెంబును నేల మీద పెట్టాడు.

“ఆయన అబద్ధం చెప్పలేదత్తా,” అన్నాడు. “ఆ తాళం తీయించింది నేనే.”

డప్పు ఆగిపోయింది.